రెండు వేళ్ల డీజిల్

పొద్దున పదింటికే ఎండకి ఐసు ఫ్యాక్టరీ గోడ మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం. నిన్న పోయిన కరెంటు మళ్లీ రాలేదు. బంకులకి తాళాలు. జనరేటరు ట్యాంకులో ఉన్న డీజిలే గతి.

ట్యాంకులో కర్ర ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో వేళ్లతో కొలిచి చెప్పడం నా పని. పన్నెండేళ్లుగా రెండు వేళ్లు తగ్గించే చెబుతున్నాను. అవసరానికి అక్కరకొస్తుందని మొదలుపెట్టాను. తర్వాత అలవాటైంది. ఎవరికీ తెలియనిదేదో నా దగ్గర ఉందన్న చిన్న ధీమా, అంతే.

ఆ రోజు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "ఆరు వేళ్లు."

నిజాయితీ కాదు. ఉక్కకి మూడు రోజులుగా నిద్ర లేదు. ఆరులోంచి రెండు తీసేసే ఓపిక లేకపోయింది.

బావ, అంటే మా అక్క మొగుడు, ఫ్యాక్టరీ మేనేజరు. ఆసుపత్రివాళ్లకి ఫోన్లో మాటిచ్చాడు. "నాలుగింటికి ముప్పై ఐసు దిమ్మలు. పూచీ నాది."

అక్కడ వడదెబ్బ తగిలినవాళ్లని నేల మీద కూడా పడుకోబెట్టారట. వాళ్లలో మా హమాలీ పెద్దాయన ఉన్నాడు. ఇరవై ఏళ్లు మా దిమ్మలు భుజాన మోసినవాడు, ఆ పొద్దున లారీ దగ్గరే కూలబడ్డాడు.

"ఐసు మోసేవాడికి వడదెబ్బేంట్రా! చేపకి జలుబు చేసినట్టు," అని బావ నవ్వబోయి ఆగిపోయాడు.

రెండున్నరకి జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బావ పరుగున వచ్చాడు. "ఇంకా రెండు వేళ్లుండాలి కదరా!"

"ఎక్కడివి?"

"నువ్వు దాచేవి."

"నీకు తెలుసా బావా?"

"నాకేంటి, మీ అక్కకీ తెలుసు, లారీ డ్రైవరుకీ తెలుసు. నువ్వు ఆరన్నావు, నేను ఎనిమిదనుకుని మాటిచ్చాను. నిజం చెప్పడానికి ఇవాళే దొరికిందా, మహానుభావా?"

కోపం రావాలి, సిగ్గయినా రావాలి. రెండూ రాలేదు. నేను ఒంటరిగా దాచుకున్నాననుకున్న చోట ఇన్నాళ్లూ ఇంతమంది మసులుతున్నారు. నా అబద్ధాన్ని ఎంత నమ్ముకున్నారు వీళ్లు!

ఉప్పునీళ్ల తొట్టిలోంచి దిమ్మలు గడ్డకట్టే డబ్బాలు లాగాం. అంచుల్లో నాలుగు వేళ్ల మందాన ఐసు, నడుమంతా నీళ్లు. పారబోయబోతే బావ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ. చల్లగానే ఉన్నాయిగా. గుడ్డలు తడుపుకుంటారు."

నీళ్లు డ్రమ్ముల్లోకి వంచి, డొల్ల దిమ్మల మీద తడి గోనెలు కప్పి తీసుకెళ్లాం. నర్సు వాటిని పగలగొట్టి సంచుల్లో నింపి, మనిషికింతని పంచింది. సరిపోలేదు. తలుపు దగ్గర ఉన్నవాళ్లకి తడిగుడ్డలే దక్కాయి.

పెద్దాయన మెడ కింద సంచి పెట్టాను. చాలాసేపటికి కళ్లు తెరిచి, సంచిలోంచి ఒక పెంకు తీసి వేళ్లతో తడిమాడు.

"పచ్చిది," అన్నాడు గొణుగుతూ. "ఇంకో గంట పట్టేది. ఎవడు తియ్యమన్నాడు?"

బావ మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున ఒక డ్రమ్ము డీజిల్ వచ్చింది. ట్యాంకులో పోసి కర్ర ముంచాను. ఐదు వేళ్లు. ఆసుపత్రి ఫోను చెవి దగ్గర పెట్టుకుని "ఎంత?" అన్నాడు బావ.

ఐదంటే ఏడనుకుంటాడా? మూడంటే ఇవాళ నమ్మేస్తాడా? అదంతా తేల్చుకునే ఓపిక నాకు లేదు. కర్ర అతని చేతికిచ్చాను.

బావ ఫోను భుజానికి నొక్కిపెట్టి, తడి పక్కన తన వేళ్లు ఆనించాడు.

"నా వేళ్లు లావురా. నాలుగే వస్తున్నాయి."

"అయితే నాలుగే చెప్పు," అన్నాను.