బాబా సెలవిచ్చిన తాళం

నేను ఒక తాళం కప్పని. అలీగఢ్‌లో ఒక ఇరుకు సందులో పుట్టాను. నన్ను చేసినవాడి పేరు నాకు తెలియదు. నేనూ వాడికి గుర్తుండను. రోజుకు అరవై తాళాలు చేసేవాడికి ఏది గుర్తుంటుంది? ఒళ్ళంతా ఇత్తడి, లోపల ఏడు మీటలు, పైన ఉక్కు కడ్డీ. నన్ను నొక్కి, లాగి చూసి, "ఇది మనిషి పోయినా ఊడదు" అంటూ పెట్టెలో పడేశాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

నెల్లూరు జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న బస్తీలో నన్ను చెంచురామయ్య కొన్నాడు. రేడియోలు, మిక్సీలు, మైకుసెట్లు బాగుచేసే మనిషి. పెళ్ళి కాలేదు. భర్త పోయిన అక్క రత్తమ్మ దగ్గర ఉండేవాడు. పదేళ్లు అతని కొట్టు తలుపుకి వేలాడాను. ఆ పదేళ్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు. సుఖంగా గడిచిన రోజుల గురించి ఎవరికైనా ఏముంటుంది చెప్పడానికి.

నలభయ్యో ఏట అతనితో రేడియోలు మాట్లాడటం మొదలుపెట్టాయి. విప్పి పెట్టినవి, బ్యాటరీ లేనివి కూడా. అన్నీ అతన్నే తిట్టేవట. ఒకరోజు రిపేరుకొచ్చిన సెట్లన్నీ మూటగట్టి తీసుకెళ్లి కాలవలో ముంచాడు. సెట్ల తాలూకు మనుషులు ముందు తిట్టారు, తరవాత కొట్టారు, ఆఖరికి జాలిపడ్డారు. జాలిపడ్డాక ఇక ఎవరూ అతనితో మాట్లాడలేదు.

రత్తమ్మ అతన్ని సముద్రం పక్కనున్న దర్గాకి తీసుకెళ్లింది. ఖాళీ కొట్టుకి తాళమెందుకని నన్నే పీకి సంచిలో వేసుకుంది.

ఆ దర్గాకి అన్ని మతాలవాళ్లూ వస్తారు. మతి తప్పినవాణ్ణి వసారాలో రాతి స్తంభానికి గొలుసుతో కట్టి తాళం వేస్తారు. తాళంచెవిని సమాధి దగ్గర పెట్టెలో వేస్తారు. వేసిందాన్ని మళ్ళీ ఎవరూ తీయకూడదు. ఏదో ఒకనాడు తాళం దానంతటది ఊడుతుంది. అంటే బాబా సెలవిచ్చినట్టు. మనిషి బాగయినట్టు. అప్పుడు ఊరు మళ్ళీ రానిస్తుంది.

ఉప్పుగాలి చోటు అది. నాసిరకం తాళాలు ఒక వానాకాలానికే తుప్పుపట్టి నోరు తెరిచేవి. వాటి మనుషులు ఏడుస్తూ, నవ్వుతూ ఇళ్లకి వెళ్లేవాళ్లు. కొందరికి తగ్గేది, కొందరు రెండు నెలల్లో కొత్త తాళంతో తిరిగొచ్చేవాళ్లు. చెంచురామయ్య కాలికి వేసిన నేను మాత్రం ఊడలేదు.

దర్గా చూసుకునే ముసలాయన ఖాజావలి ఒకసారి నన్ను చేత్తో తూచి చూశాడు.

"ఇంత మంచి తాళం ఎందుకు తెచ్చినావు రత్తమ్మా?"

"బాబాకి మంచిదైతే ఏంది, చెడ్డదైతే ఏంది సాయిబూ?"

ఆయన నన్ను వదిలేసి వసారా ఊడ్చుకోడానికి వెళ్లాడు.

రత్తమ్మ మొదట రెండు నెలలు అక్కడే ఉంది. తరవాత శుక్రవారాలు వచ్చేది. తరవాత ఏడాదికోసారి గంధం పండక్కి. ఆమె తప్పు లేదు, నాలుగిళ్లలో పని చేస్తేనే పొయ్యి వెలిగేది. స్తంభం దగ్గర అతని కాలూ నేనూ మిగిలాం. నా కింద చర్మం నల్లబడింది, పుండయింది, మానింది, మళ్ళీ పుండయింది. నేను చప్పుడు చేయకుండా అతను నా చుట్టూ గుడ్డపేలిక చుట్టేవాడు. నాలుగేళ్లలో నన్ను అంత మెల్లగా పట్టుకున్నవాడు మరొకడు లేడు. అతన్నయితే ఎలాగూ పట్టుకోలేదు ఎవరూ.

రెండో ఏటినుంచి ప్రతి మంగళవారం ఆస్పత్రి నుంచి మతి తప్పినవాళ్లకి మందిచ్చే డాక్టర్ వసుధ జీపులో రాసాగింది. ఆమె ఇచ్చిన మాత్రలు ఖాజావలే అందరి చేతా మింగించేవాడు. "బాబా వద్దన్లేదు, మింగు అబ్బాయా" అనేవాడు. ఏడాది తిరిగేసరికి చెంచురామయ్య చెవుల్లో గోల తగ్గింది. దర్గా మైకుసెట్టు పాడైతే కూర్చున్నచోటే బాగుచేసి ఇచ్చాడు. అది చూసి డాక్టరమ్మ రత్తమ్మకి కబురు పెట్టింది.

"ఇతన్ని ఇంటికి తీసుకెళ్లండి. అసలు గొలుసుతో కట్టడమే నేరం, చట్టం ఉంది."

"చట్టం మా ఈదిలో కాపురముండదు గదమ్మా. ఈదిలో వాళ్లడిగేది ఒకటే, తాళం ఊడిందా అని. ఊడలేదంటే కుళాయి కాడ బిందె గూడా పెట్టనీరు."

"మాత్రలతో తగ్గిందండీ."

"తగ్గుంటే ఊడుండాలి గదా తల్లీ."

 దానికి జవాబు నా దగ్గరుంది, నాకు నోరు లేదు. డాక్టరమ్మ పై ఆఫీసుకి రాసింది. వాళ్లు వచ్చారు, ఫోటోలు తీశారు, గొలుసులు నిషేధమని నోటీసు అంటించి వెళ్లారు. అంటించింది చెంచురామయ్య స్తంభానికే. ఎండ పడినప్పుడు అతను దానికి వీపు ఆనించి కూర్చునేవాడు.

ఇక చెంచురామయ్య తన దారి తను చూసుకున్నాడు. మైకుసెట్టు కోసం ఇచ్చిన పనిముట్లలో సన్నటి ఆకురాయి ఉంది. నన్ను తెరవడం అతనికి రెండు నిమిషాల పని. కానీ తెరిచిన తాళం ఎవరికి కావాలి, ఊడిన తాళం కావాలి. రోజూ కాస్త కాస్తగా నా లోపలి పట్టు అరగదీశాడు. నొప్పి తెలిసింది. ఓర్చుకున్నాను.

రత్తమ్మ వచ్చిన ఒక శుక్రవారం, అందరూ చేతులు జోడించి ఉండగా నేను రాతిమీద పడ్డాను. జనం నామీద పూలు వేశారు. స్తంభం మొదట్లో మెరుస్తున్న ఇత్తడి పొడిని ఖాజావలి చూశాడు. తువ్వాలుతో తుడిచేసి, "బాబా సెలవిచ్చినాడు" అన్నాడు.

ఇంట్లో రత్తమ్మ నాకు పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది. వారం తరవాత చెంచురామయ్య అడిగాడు.

"అక్కా, ఆ మాత్రలు అయిపోయినాయి."

"ఇంకా ఎందుకురా? బాబా సెలవిచ్చినాక మందు మింగితే ఆయన మాట నమ్మనట్టు గాదా?"

అతను నావైపు చూశాడు. నన్ను అరగదీసింది తనేనని ఒక్క మాట చెబితే చాలు. చెబితే మళ్ళీ స్తంభం. చెప్పలేదు. అబద్ధంతో బయటపడ్డవాడికి నిజంగా మందు కావాలని అడిగే హక్కు ఉండదు కాబోలు.

అయిదో నెలలో రేడియోలు మళ్ళీ మాట్లాడాయి. చెంచురామయ్య చెవులు మూసుకుని మూలకి చేరాడు. రత్తమ్మ ఏడుస్తూనే నన్ను గూట్లోంచి తీసింది. గొలుసు చుట్టి నొక్కింది. నేను పట్టలేదు. మళ్ళీ నొక్కింది. ఎంత నొక్కినా జారిపోయాను.

బజారులో తాళాలు బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్లింది. వాడు నన్ను వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఇది తుప్పు గాదమ్మా, ఎవరో లోపల అరగదీసినారు. పనితెలిసినోడే."

ఆమె నన్ను పిడికిట్లో పెట్టుకుని, తిన్నగా ఇంటికి పోకుండా మూసి ఉన్న తమ్ముడి కొట్టు మెట్టుమీద చాలాసేపు కూర్చుంది.  ఇంటికెళ్లి అతని ఎదురుగా చతికిలబడింది.

"ఎన్ని దినాలు అరగదీసినావురా?"

"పంతొమ్మిది."

"నాకు చెప్పుండొచ్చు గదా."

"చెప్తే మళ్ళీ కట్టుండేదానివి."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆలోచించింది.

"అయితే బాబా ఇంకా సెలవియ్యలేదు. సెలవియ్యకముందు మాత్రలు మింగొచ్చు. లెయ్, డాక్టరమ్మ కాడికి పోదాం."

ఆస్పత్రిలో నన్ను డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "ఈదిలో ఎవరికీ చెప్పబాకమ్మా" అంది.

డాక్టరమ్మ చెప్పలేదు. ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక పెద్ద హాల్లో అద్దాల పెట్టెలో ఉన్నాను. మతి తప్పినవాళ్లని లోకం ఎలా చూసుకుంటుందో మాట్లాడుకోవడానికి ఎన్నో దేశాలవాళ్లు వచ్చారు. నా పక్కన ఇండోనేసియానుంచి తెచ్చిన బొండకొయ్య ఉంది, కాళ్లు దూర్చి బిగించేది. అవతల ఏదో చలిదేశపు కోటు, చేతులు వెనక్కి కట్టేసేంత పొడుగు చొక్కాచేతులతో. నా కింద చీటీలో "తాళం. ఇత్తడి. నాలుగేళ్లు వాడారు" అని ఉంది.

మెళ్లో బిళ్ల వేలాడుతున్న ఒకాయన డాక్టరమ్మని అడిగాడు, ఆ మనిషి ఎలా ఉన్నాడని.

"బాగున్నాడు. ఏడాదిగా మాత్రలు మానలేదు. పొద్దున్నే కొట్టు తీస్తాడు."

"పని దొరుకుతోందా?"

"ఎవరూ ఏమీ తెచ్చివ్వరు."

"మరి రోజంతా?"

"కూర్చుంటాడు."

ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. టీకి పిలిచారు. అందరూ వెళ్లారు. అద్దం మీద ఆయన వేళ్ల గుర్తులు కాసేపు ఉండి, మెల్లగా ఆరిపోయాయి.