చేపలకు నేర్పిన భయం

పెంటమ్మకు నోరెక్కువ. ఆ సంగతి గుండ్లరేవులో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ నోరే ఒకనాడు పోలీసు ఠాణా అమీన్‌ను గుర్రమెక్కించి ఊరి మీదికి తోలుకొస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. పెబ్బేరు సంతలో ఎడ్ల బేరం జరుగుతున్న చోట నిలబడి, మీ ఎడ్లు కర్ర లేనిదే కదలవు, మా మడుగులో చేపలు చేత్తో పిలిస్తే వస్తాయి అని గొప్పలు పోయింది. విన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఒకడు నవ్వలేదు. వాడు మామూలు బట్టల్లో కోడెను కొనడానికొచ్చిన ఠాణా జవాను.

మడుగు సంగతి కాస్త చెప్పాలి. ఎండాకాలం కృష్ణ బండల మధ్య సన్నని పాయలై పారుతుంది. గుండ్లరేవు కింద మాత్రం గుండ్ల నడుమ లోతైన మడుగు ఎండదు. ఆ దాపున ఉన్న పెద్ద చేపలన్నీ అందులోనే తలదాచుకుంటాయి. మిరుగం కార్తె వానలకు కొత్తనీరు రాగానే ఎదురెక్కి పోయి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లే ఊళ్ళోని బెస్త ఇళ్ళన్నిటికీ ఏడాది కూడు. ఒక కరువు ఏడు ఆకలికి ఆగలేక మడుగును వలలతో ఊడ్చేశారు. మరుసటేడు వలల్లో నాచు తప్ప ఏమీ పడలేదు. ఆ ఏడు చింతగింజలు ఉడకబెట్టుకు తిన్నది పెంటమ్మకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

అప్పుడు వచ్చాడు హైదర్ సాబ్. గద్వాలలో చీరల నూలుకు రంగులద్దే మనిషి, గాలం పిచ్చోడు. జుమ్మా నమాజు చేసుకొని, గాలం భుజాన వేసుకొని, చేప పడినా పడకపోయినా పొద్దుగూకేదాకా బండ మీద కూర్చునే రకం. ఆయన తనలాంటి సరదా మనుషులను, సాలెవాళ్ళనూ సంస్థానం గుమాస్తాలనూ వెంటబెట్టుకొని వచ్చి, ఊరిపెద్ద ఈరన్నతో ఒక మాట మాట్లాడుకున్నాడు. హోళీ నుంచి మిరుగం దాకా మడుగులో వల పడకూడదు. గాలం ఒక్కటే, అదీ మనిషికి ఒకటే, అవతలి బండ మీది నుంచే. కడుపుతో ఉన్న చేప పడితే నీళ్ళలోనే విడవాలి. ఊరివాళ్ళు ఇంటింటి వంతున కావలి కాయాలి. పొద్దున లేచేసరికి ఎవరి గడప ముందు వంతు కర్ర ఉంటే ఆ రోజు మడుగు ఆ ఇంటిది. గాలాలవాళ్ళు వచ్చేటప్పుడు చేపలకు తవుడూ గానుగ చెక్కా తేవాలి.

మూడేళ్ళు మాట తప్పలేదు. మడుగు నిండింది, వలలూ నిండాయి. పెంటమ్మ తన వంతు రోజున ఊరికే కూర్చోలేక, ఇవతలి చదును బండ మీద మోకాళ్ళ లోతులో నిలబడి, నీళ్ళను అరచేత్తో మూడుసార్లు చరిచి తవుడు చల్లేది. మొదట రెండు వచ్చాయి. తర్వాత ఇరవై. ఇప్పుడు చరిస్తే చాలు, మడుగు మడుగంతా కదిలి వస్తుంది. రవ్వ చేపలూ బొచ్చెలూ ఆమె పిక్కలను రాసుకుంటూ తిరుగుతాయి. వాటిల్లో ఒక పెద్ద రవ్వకు పెదవిలో పాత గాలం ముక్క ఇరుక్కొని మెరుస్తుంటుంది. దానికి ముక్కుపుల్ల అని పేరు పెట్టింది. అది ఆమె అరచేతిలోనే తింటుంది. ఏటి ప్రాణానికి ఇంత అలవాటు చెయ్యకు బిడ్డా అని హైదర్ సాబ్ ఒకసారి అన్నాడు. పెంటమ్మ వింటేనా! ఊరు కూడా వినలేదు. చుట్టాలొస్తే తీసుకెళ్ళి చూపించుకునే వింత అయిపోయింది మరి.

జర్మనీ యుద్ధం జరుగుతున్న రోజులవి. ఐతారం మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుంటే, పెంటమ్మ కావలి వంతులో, అమీన్ వచ్చాడు. వెనక సంతలో నవ్వని జవాను. ఆ మొహం చూడగానే ఆమెకు సంత గుర్తొచ్చింది.

"పిలిస్తె వస్తయంట గదా. పిల్వు, చూస్త," అన్నాడు అమీన్.

ఎండ పూట రావు దొరా అని నసిగింది. ఆయన ఇంకోసారి చెప్పలేదు. కొరడాతో బూటు మీద కొట్టుకుంటూ చూస్తూ నిలబడ్డాడంతే. పెంటమ్మ నీళ్ళలోకి దిగింది. రావొద్దు తల్లీ రావొద్దు అని లోపల మొక్కుకుంటూ మూడుసార్లు చరిచింది. వచ్చాయి. తవుడు చల్లకముందే వచ్చాయి, అన్నీ వచ్చాయి. అమీన్ వాటిని చూసిన చూపు, సంతలో గొర్రెల మందను చూసే చూపు.

గద్వాలలో పెద్ద అధికారికి దావత్ ఉందట. రెండు వందల మంది తింటారట. సడక్ పని దగ్గర రాళ్ళు పేల్చే మందు తూటాలు ఉన్నాయి, పేల్చేవాడూ ఉన్నాడు. ఇంత మందకు ఒక్క తూటా చాలని జవానుతో అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"బేస్తారం పొద్దుగాల వస్త. నువ్వు పిల్వాలె. పిల్వకపోతె నీ మొగడు ఠాణల ఉంటడు, నువ్వు ఇంట్ల ఉంటవు. సమజైందా?"

గుర్రం కనుమరుగయ్యేదాకా పెంటమ్మ నీళ్ళలోంచి బయటికి రాలేకపోయింది.

ఆ సాయంత్రం ఈరన్న అరుగు మీద ఊరంతా కూడింది. కబురందుకొని హైదర్ సాబ్ కూడా వచ్చాడు. సంస్థానానికి అర్జీ పెడదామన్నాడు, కానీ జవాబు వచ్చేసరికి మిరుగం వెళ్ళిపోతుందని ఆయనే ఒప్పుకున్నాడు. ఎదురు తిరుగుదామని ఒకరన్నారు, తిరిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట అక్కడే చచ్చింది. పెంటమ్మ మొగుడు నాగన్న గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఠాణాకు వెళ్ళి వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరున్నారు. ఒకడికి కుడిచెయ్యి లేవదు. రెండోవాడు పగలు కూడా తలుపు వేసుకునే ఉంటాడు.

మడుగు లోతున, గుండ్ల సందుల్లో ఉంటే తూటాకు ఏవో చిన్నాచితకా చస్తాయి గాని పెద్దవి చావవని ఈరన్న అన్నాడు. పైకి వచ్చి ఒక్కచోట మూగితేనే సర్వనాశనం. ఆ మాటతో అందరి చూపూ పెంటమ్మ మీదికి మళ్ళింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఎవరూ తిట్టలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఈరన్న వైపు తిరిగింది.

"మామా, నేనే అలవాటు జేసిన. నేనే మాన్పిస్త. నేను పిలుస్త, మీరు కొట్టుండ్రి."

సోమవారం తెల్లవారకముందే ఊరు ఏటి ఒడ్డున ఉంది. ఆడా మగా, చేతుల్లో రాళ్ళు, వెదురు కర్రలు, రేకు డబ్బాలు. పెంటమ్మ నీళ్ళు చరిచింది. చేపలు నమ్మకంగా వచ్చాయి. ఒక్కపెట్టున రాళ్ళు పడ్డాయి, కర్రలు నీళ్ళను చీల్చాయి. చేపలు మెరుపులా మాయమయ్యాయి. గడియ ఆగి ఆమె మళ్ళీ చరిచింది. మళ్ళీ వచ్చాయి! అదే ఆమెను భయపెట్టింది. ఇంత దెబ్బ తిని కూడా వస్తున్నాయంటే వీటిని తను ఎంతగా పాడుచేసిందో అప్పుడు తెలిసొచ్చింది.

మంగళవారం సగమే వచ్చాయి. హైదర్ సాబ్ రంగుల పని మానుకొని, తోటి గాలాలవాళ్ళను తీసుకొచ్చి, పుట్టి ఎక్కి మడుగు నడుమ తెడ్డుతో నీళ్ళు బాదాడు. చేపను ఇన్నేళ్ళు దగ్గరికి పిలవడానికి తంటాలు పడ్డ మనిషి, ముసలితనంలో ఇదేం ఖర్మ అనుకుంటూ కళ్ళు తుడుచుకుంటూ బాదాడు. బుధవారం పొద్దున నాలుగు వచ్చాయి. సాయంత్రం ఒక్కటే. ముక్కుపుల్ల.

దాని మీద రాయి వెయ్యడానికి పెంటమ్మకు చెయ్యి రాలేదు. పక్కనుంచి నాగన్న వేశాడు. రాయి దాని వీపున తగిలింది. అది పక్కకు ఒరిగి, సర్దుకొని, కాస్త దూరం పోయి ఆగి ఆమె వైపే తిరిగింది. చీకటి పడింది. ఇంక వేళ లేదు.

ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలిద్దరూ కన్ను మూయలేదు. నాగన్న ఒకే ఒక్క మాట అన్నాడు: "అది రేపొస్తే, దాని ఎనక అన్నీ వస్తయి."

బేస్తవారం పొద్దు బారెడెక్కేసరికి అమీన్ దిగాడు. జవాన్లు ఇద్దరు, గంపలు మోసే వెట్టివాళ్ళు ఆరుగురు, తూటాల సంచితో బాలరాజు అనే రాళ్ళు పేల్చేవాడు. ఊరివాళ్ళను దూరంగా కూర్చోబెట్టారు. నాగన్నను మాత్రం పిలిచి గుర్రం పక్కన నిలబెట్టారు. ఒక జవాను అతని మెడ మీద చెయ్యి వేసి, చుట్టం వేసినట్టు వేసి నిలబడ్డాడు.

మూడు నాలుగు రోజుల నుంచి నీటికుక్కలు పడ్డాయనీ, చేపలన్నీ చెదిరిపోయాయనీ ఈరన్న చేతులు జోడించి చెప్పాడు. అమీన్ విన్నట్టు కూడా లేడు. పిలవమని పెంటమ్మకు కొరడాతో సైగ చేశాడు.

ఆమె బండ మీదికి దిగింది. మోకాళ్ళ లోతులో నిలబడింది. మూడుసార్లు చరిచింది. మడుగు కదలలేదు. బాలరాజు తూటా చేతిలో పట్టుకొని, వత్తి దగ్గర అగ్గిపెట్టె ఉంచి చూస్తున్నాడు. అమీన్ మళ్ళీ అన్నాడు. మళ్ళీ చరిచింది. తవుడు చల్లమన్నాడు, చల్లింది. తవుడు నీళ్ళ మీద తెట్టులా పరచుకొని అలాగే నిలిచింది.

అప్పుడు ఆమె పిక్కకు ఏదో మెత్తగా తగిలింది.

చూడక్కర్లేదు, తెలుసు. అయినా చూసింది. ఆమె నీడలో, చీర అంచు కింద, పెదవిలో గాలం ముక్క మెరుస్తూ నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. వీపున నిన్నటి రాతిదెబ్బకు పొలుసులు లేచిపోయి తెల్లగా కనబడుతోంది. దాని వెనక, లోతు మొదలయ్యే చోట, నల్లని నీడలు రెండు మూడు ఆగి చూస్తున్నాయి. అది తిన్నదంటే అవి వస్తాయి. అవి వస్తే అన్నీ వస్తాయి. అవతల మొగుడి మెడ మీద ఆ చెయ్యి.

కుడికాలెత్తి, మడమతో, ఉన్న బలమంతా పెట్టి దాని తల మీద తొక్కింది. పాదం కింద గట్టి ఎముక కలుక్కుమంది. బండకు అదిమి పట్టుకుంది. అది కొట్టుకుంటుంటే తొడలదాకా అదిరింది. కాలు తియ్యగానే అది వంకరగా, ఒక పక్కకు పడిపోతూ, లోతులోకి దూసుకుపోయింది. ఆ నీడలు కూడా లేవు.

"ఏందది?" అమీన్ గట్టిగా అడిగాడు.

"కాలు జారింది దొరా."

ఆయన బండ అంచుదాకా వచ్చి నీళ్ళలోకి తొంగి చూశాడు. తేలుతున్న తవుడు తప్ప ఏమీ లేదు. వచ్చినవాడు ఒట్టి చేతులతో పోతాడా, తూటా వెయ్యమన్నాడు. పెంటమ్మ పరుగెత్తి ఒడ్డెక్కగానే బాలరాజు అంటించి విసిరాడు. మడుగు గుభేలుమని ఒక్కసారి లేచి కూలింది. నీళ్ళు ఒడ్డున ఉన్నవాళ్ళ మీద కురిశాయి.

ఆ తర్వాతి సేపే అన్నిటికంటే ఘోరం. ఊరు ఊరంతా నీళ్ళ మీద తెల్లటి కడుపుల కోసం చూసింది. ఒక జెల్ల తేలింది. ఇంకోటి. వేలెడంత పరకలు ఒక గుప్పెడు. పెంటమ్మ లెక్క చూడలేదు, పెద్దది తేలుతుందా అని మాత్రం చూసింది. తవుడూ బురదా తిరిగి తిరిగి నిలిచాయి. పెద్దది తేలలేదు.

అమీన్ కొరడా ఆమె భుజం మీద ఒక్కసారి పడింది. నీటికుక్కలు పడుతుంటే కావలి కాయనందుకట. ఆయన నమ్మాడని అర్థం కాగానే నొప్పి కూడా తెలియలేదు ఆమెకు. ఆరు గంపలలో ఒక గంప అడుగు కూడా నిండని జెల్లలను సిగ్గు లేకుండా ఏరించుకొని, దావత్‌కు మేకలు పట్టించడానికి పెబ్బేరు దారి పట్టాడు. జవాను నాగన్న మెడ మీది చెయ్యి తీశాడు. నాగన్న అక్కడే చతికిలబడ్డాడు.

గుర్రపు దుమ్ము అణిగాక ఊరికి ప్రాణం లేచొచ్చింది. కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు. హైదర్ సాబ్ జనంలోంచి లేచి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఈరన్న భార్య రేణుకమ్మ పసుపు తెచ్చి భుజానికి రాసింది. ఎవరో అన్నారు, చేపలు బతికే ఉన్నాయో లేదో ఒక్కసారి పిలిచి చూడమని. నిజమే, ఒక్కసారి చూద్దామని అందరూ అందుకున్నారు. ఇప్పుడు ఎవరూ కొట్టరు గదా అన్నారు.

పెంటమ్మ నీళ్ళ అంచున కూర్చుంది. చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది.

"పిల్వరాదే," అన్నాడు నాగన్న మెల్లగా. "ముక్కుపుల్ల బతికుంటే వస్తది."

"వస్తదేమోననే నాకు భయమైతుంది," అంది పెంటమ్మ.

ఆ చేతిని కొంగులో చుట్టుకొని లేచింది. కుడి మడమ నేలకు ఆనించకుండా ఇంటి దారి పట్టింది.