నవ్వానని రాసుకున్న రోజు

బిల్లు సభకు రావడానికి ముందు ఆదివారం మధ్యాహ్నం వెర్నా హాగ్లండ్ వంటింట్లో నిలబడి ఆపిల్ బార్లు అనే మిఠాయిని ముక్కలుగా కోస్తోంది. తొంభై ఆరు ముక్కలు. శాసనసభలో తొంభై ఆరుగురు సభ్యులు. కొత్తగా గెలిచినవాళ్ల మొదటి బిల్లు నాడు ప్రతి బల్ల మీదా ఒక తీపి ముక్క ఉండాలని అక్కడి ఆనవాయితీ. మగవాళ్లు బేకరీకి ఫోన్ చేస్తారు. ఆడవాళ్లు బేకరీ నుంచి తెప్పిస్తే మాత్రం "పాపం, వంట రాదేమో" అంటారు.

"శాసనాలు చేస్తావనుకున్నా గానీ చక్కెర పాకాలు చేస్తావనుకోలేదు" అన్నాడు భర్త ఓరిన్, ఒక ముక్క నోట్లో వేసుకుంటూ. వెర్నా ఇంకో ముక్క కోసింది.

ఆమె గెలిచిందని తెలిసిన రోజు కూడా ఓరిన్ అడిగిన మొదటి మాట "మరి నా భోజనం?" అనే. సభ తొంభై రోజులు, రాజధాని రెండు వందల మైళ్లు. అందుకని ఆవిడ డిసెంబరంతా వండి, తొంభై డబ్బాలకు తారీకులు రాసిన చీటీలు అంటించి, ఫ్రీజరు నింపి మరీ ప్రమాణ స్వీకారానికి వెళ్లింది. మా గోధుమ నేలల్లో గాలి ఎంతటిదంటే ఈ పెరట్లో ఆరేసిన చొక్కా పక్క జిల్లావాడి ఒంటి మీద ఆరుతుంది. ఆ మాట నమ్మినవాళ్లు కూడా ఈ డబ్బాల సంగతి నమ్మరు. జనవరి ఇరవయ్యో తారీకు డబ్బాలో బఠాణీలున్నాయేమిటని, ఆవిడ కమిటీలో కూర్చుని ఉండగా ఓరిన్ ఫోన్ చేశాడు కూడా.

బిల్లు చిన్నదే. మంచం పట్టినవాళ్లను ఇంట్లో చూసుకునేవారికి ఏడాదికి పది రోజులు ప్రభుత్వం వాళ్లకు బదులు ఒక మనిషిని పంపాలి. దాన్ని రాసింది సభ న్యాయవాదులే గానీ, వెర్నా తొమ్మిదేళ్లు చేతులతో రాసుకుంది. అత్తగారు అల్మా తొమ్మిదేళ్లు మంచంలో ఉంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, లేకపోతే వీపు పుండవుతుంది. "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అని ఓరిన్ అన్న మాటతో ఆ ఉద్యోగం మొదలైంది. జీతం లేదు, సెలవు లేదు, రాజీనామా లేదు. అందులో ఏడో ఏట, మూడు వందల మైళ్ల అవతల వెర్నా తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చింది. "కోతల్లో ఉన్నాం. అమ్మను ఎవరు తిప్పుతారు? ఐదు రోజులు ఆగు" అన్నాడు ఓరిన్. మంచం మీది అల్మాయే, "పోవే పిల్లా, ఐదు రోజులు కదలకుండా పడి ఉంటాలే, చచ్చిపోనులే" అంది. అలా అన్న మనిషిని వదిలి వెళ్లడం ఎలాగో వెర్నాకు తెలియలేదు. ఆగింది. తల్లి నాలుగో రోజున పోయింది. ఆ నాలుగు రోజులూ తలుపు చప్పుడైనప్పుడల్లా "వెర్నా వచ్చిందా?" అని అడిగిందట.

ఈ సంగతి ఆవిడ అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఓట్లు అడిగేటప్పుడు కూడా చెప్పలేదు. మొదటిసారి సభలో, మైకు పట్టుకుని చెప్పింది.

వాళ్లు విని ఉంటే ఎలా ఉండేదో. కానీ అక్కడ మరో ఆనవాయితీ ఉంది. ఆరు ఎన్నికలు చూసిన తోటి సభ్యురాలు మేవిస్ టటిల్ ముందే హెచ్చరించింది: "మొదటి బిల్లుకు అందరూ వేళాకోళానికి, వద్దనే ఎర్రదీపం నొక్కుతారు. నీ మొహం పాలిపోయేదాకా చూసి, నవ్వుకుని, అప్పుడు పచ్చది నొక్కుతారు. భయపడకు." వేళాకోళం ముందే రాసుకొచ్చారు. ఆవిడ ఏం చెప్పిందో విని మార్చుకునే ఓపిక ఎవరికుంది?

అధికార పక్ష నాయకుడు గేలెన్ స్ట్రౌడ్ లేచాడు. "హార్లో జిల్లా గౌరవ సభ్యురాలికి ఒక ప్రశ్న. మా ఆవిడ వంట నుంచి నాకు పది రోజులు సెలవు ఈ బిల్లులో వస్తుందా?"

సభ గొల్లుమంది. వెనక నుంచి ఇంకెవరో, "ఆవిడ చెప్పే పనికి మా ఊళ్లో కొత్త పేరేం లేదు, పెళ్లి అంటారు!" అన్నారు. గోడ మీద పలక నిండా ఎర్రదీపాలు. తర్వాత ఒక్కొక్కటే పచ్చబడసాగాయి. కానీ కొందరు పగలబడి నవ్వుతూ మీట సంగతి మరిచారు. ముగ్గురైతే ఎర్రది నొక్కేసి, ఆపిల్ బారు చేత పట్టుకుని కాఫీకి వెళ్లిపోయారు. స్పీకరు కళ్లు తుడుచుకుంటూ సుత్తి కొట్టాడు. లెక్క ఆగిపోయింది. పచ్చ నలభై ఏడు, ఎరుపు నలభై తొమ్మిది.

బిల్లు చచ్చిపోయింది.

మళ్లీ పెట్టాలంటే ఒకటే దారి. వద్దని ఓటేసిన వాళ్లలో ఒకరు, మర్నాడు సభ ముగిసేలోగా లేచి అడగాలి. కావాలన్న మనిషికి ఆ హక్కు లేదు. లేదంటే రెండేళ్లాగాలి.

సాయంత్రం స్ట్రౌడ్ నడవాలో ఆపాడు. సభలో "గౌరవ సభ్యురాలు" అన్న మనిషి నడవాలోకి రాగానే "నువ్వు"లోకి దిగాడు.

"మనవాళ్లు కాస్త అతి చేశారు వెర్నా. నా దీపమూ ఎర్రగానే ఉండిపోయింది, రేపు నేనే లేచి మళ్లీ పెట్టిస్తా. కానీ పత్రికవాడెవడో ‘తల్లి చావు చెబితే నవ్వారు’ అని రాశాడు. నువ్వు ముందు లేచి, అంతా సరదాకే, నేనూ నవ్వాను అనెయ్."

"నేను నవ్వలేదు కదా గేలెన్."

"నవ్వమనట్లేదమ్మా. నవ్వానని అనమంటున్నా."

మేవిస్‌ను అడిగితే, "అనెయ్. పన్నెండేళ్లలో ఇలాంటివి ఎన్ని మింగానో! ఇంకా అరగలేదు గానీ, బిల్లులైతే గట్టెక్కాయి" అంది. ఓరిన్‌కు ఫోన్ చేస్తే, "నవ్వడానికేం పోయింది నీకు? మొదట్నుంచీ నువ్వు ప్రతిదీ మనసుకు పట్టించుకుంటావు" అన్నాడు.

ఏం పోతుందో ఆవిడకు తెలుసు. చివరి నాలుగు రోజులూ కూతురి కోసం తలుపు వైపు చూసిన మనిషి గురించి చెప్పి, ఆ మాట మీద తానూ నవ్వానని ఒప్పుకోవాలి. పక్కనుండే అవకాశం ఒకసారి పోయింది, ఇప్పుడు ఏడ్చిన ఏడుపు కూడా పోతుంది. మరోపక్క తన జిల్లాలోనే, ఈ క్షణాన, ఏదో ఇంట్లో ఒకామె గడియారం చూసుకుంటూ ఎవరినో ఒత్తిగిలిస్తూ ఉంటుంది. ఆమె తల్లి ఇంకా బతికే ఉండవచ్చు.

మర్నాడు వెర్నా లేచింది. "నిన్న జరిగింది సరదాకే. నేనూ నవ్వాను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. స్ట్రౌడ్ లేచి తీర్మానం పెట్టాడు. ఎనభై ఒకటికి పదిహేను. బిల్లు ఎగువ సభ సెనేటు కూడా దాటింది. ఏప్రిల్‌లో గవర్నరు సంతకం చేసి, ఆ కలాన్ని ఆవిడ చేతికే ఇచ్చాడు. ఫోటోలో వెర్నా పక్కన ఓరిన్ కూడా ఉన్నాడు. "చూశావా, ఒక్క నవ్వుకి ఎంత పని జరిగిందో!" అన్నాడు. ఆవిడ మాత్రం గ్రంథాలయానికి వెళ్లి ఫిబ్రవరి ఆరు నాటి సభా రికార్డు తెప్పించుకుంది. ‘హార్లో సభ్యురాలు తానూ నవ్వానని తెలిపారు’ అని ఉంది. వందేళ్ల తర్వాత చదివినా అదే ఉంటుంది.

చివరి రోజు సభంతా ఒకరినొకరు పొగుడుకుంటోంది. గవర్నరు సంతకం సిరా ఆరేదాకా ఓపిక పట్టిన వెర్నా మైకు మీట నొక్కింది. మేవిస్ ఆవిడ చెయ్యి పట్టుకుని, "వద్దే, వచ్చేసారి నీకు టికెట్ కూడా ఇవ్వనివ్వరు" అని గొణిగింది. వెర్నా ఆ చేతిని మెల్లగా విడిపించుకుని లేచి నిలబడింది.

"అధ్యక్షా, రికార్డులో ఒక తప్పుంది. ఫిబ్రవరి ఆరున నేను నవ్వానని రాశారు. రాసినవాళ్ల తప్పు కాదు, నేనే అలా చెప్పాను. బిల్లు కోసం చెప్పాను. దయచేసి దిద్దండి. మా అమ్మ నన్ను పిలుస్తూ చనిపోయిందని చెప్పినప్పుడు ఈ సభ నవ్వింది. నేను నవ్వలేదు."