దగ్గుతో సహా

పొద్దున్న ఎనిమిదింటికి హాల్లో స్పీకర్లు బిగించి, పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కాను. నా భార్య పాట రావాలి. పెళ్లివాళ్ల డాన్సు పాట వచ్చింది.

మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.

వేసవిలో మా సౌండువాళ్లకు ఊపిరి సలపదు. రోజుకు రెండు ఫంక్షన్లు, ఒక్కోసారి మూడు. అందుకే ఏ హాల్లోనైనా మొదట ఆమె పాటతోనే స్పీకర్లు పరీక్షిస్తాను. ఆమె దేవుడి ముందు పాడుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి రికార్డు చేసుకున్న పాట. అది వింటే మనసు కుదుటపడుతుంది. ఆ తర్వాత రోజంతా ఎవరెన్ని తిట్టినా నెట్టుకొస్తాను.

గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు మాట లేదు. రోజూ ఇంటికెళ్లగానే చెవి దగ్గర వేలు తిప్పి అడుగుతుంది, నా పాట పెట్టావా అని. తలూపుతాను.

ఆ పెన్‌డ్రైవ్‌కి ఎర్రదారం కట్టుకున్నాను, పొరపాటున కూడా తుడవకూడదని. నిన్న నా స్పీకరు వైరు ఒకటి వేలాడుతుంటే చేతికి ఏదీ దొరక్క ఆ దారమే విప్పి కట్టాను. గంట తర్వాత, పెళ్లివాళ్ల పాటలు ఎక్కించే హడావిడిలో, దారం లేనిదే కదా అని అందులో ఉన్నదంతా తుడిచేశాను. ఇంకో కాపీ తీయాలని మూడు వేసవుల నుంచి అనుకుంటూనే ఉన్నాను.

స్టేజీ మెట్టు మీద కూలబడ్డాను. దేవుడా, గొంతు తీసుకున్నావు, సరే అన్నాను. మిగిలింది నా చేత్తోనే తుడిపించాలా? ఇలా అడగకూడదేమో. అడిగాను.

తెరలు కట్టే డెకరేషన్ బాబాయి నిచ్చెన మీద నుంచి అరిచాడు. "ఏరా సౌండూ, మన పాటేదిరా? అది లేందే నాకు తెల్లారినట్టుండదు."

"పోయింది బాబాయ్."

"పోవడానికి అదేమన్నా చెప్పులజతా?"

"తుడిచేశాను. నేనే."

 ఆయన చేతిలోని గుండుసూదులు జేబులో వేసుకుని, మెల్లగా ఆ పాట అందుకున్నాడు. బొంగురు గొంతు. మాటలు సగం లేవు. రెండో చరణం చివర రెండుసార్లు పొడిగా దగ్గి, మళ్లీ సాగించాడు.

 నేను రికార్డు చేసిన రోజు ధూపం పొగకు ఆమె దగ్గిన దగ్గు అది.

"ఆ దగ్గెందుకు బాబాయ్?"

"పాటలో ఉందిగా!"

మైకు పట్టుకుని నిచ్చెన దగ్గరకు పరిగెత్తాను. "మళ్లీ పాడు. రికార్డు చేస్తాను."

"నా గొంతా? మీ ఆవిడ విందంటే నిన్ను గెంటేస్తుంది."

"పాడు బాబాయ్. దగ్గుతో సహా."

పాడాడు. నేరుగా ఆ పెన్‌డ్రైవ్‌లోకే ఎక్కించాను. వైరుకున్న దారం విప్పి పెన్‌డ్రైవ్‌కి ముడేశాను. వైరు వేలాడితే వేలాడనీ.

సాయంత్రం ఆమె వేలు తిప్పి అడిగితే తలూపలేను. ఇది వినిపిస్తాను. ఆ దగ్గు దగ్గర నన్నెలా చూస్తుందో దేవుడికే తెలియాలి.