బల్ల కింది బంక

ఇంటర్వ్యూ పదకొండింటికి. పదిన్నర దాటినా రౌటర్‌లో ఎర్రదీపం తప్ప మరోటి వెలగలేదు.

ఆమె ఫోన్ పట్టుకుని కాటేజీ అంతా కాలుకాలిన పిల్లిలా తిరిగింది. చెమ్మకు ఉబ్బిన గోడల వెంట తిరిగింది. బూజు వాసన కొట్టే కర్టెన్ల వెనక నిలబడింది. ఎవరివో వెంట్రుకలు అడ్డుపడి నీళ్లు నిలిచిపోయిన స్నానాలగదిలో కిటికీ గట్టెక్కి మరీ చూసింది. ఒక్క గీత రాలేదు. ఈ లోయలోకి ఏ టవరూ తొంగిచూడదు. కప్పు మీది యాంటెన్నా, దాన్నుంచి కిందికి దిగిన వైరు, బల్లమీది రౌటర్. ఉన్న దిక్కల్లా అదే.

ఆమె సైగల భాషకు దుబాసీ. చెవులు వినపడని రోగులకీ డాక్టర్లకీ మధ్య నిలబడి చేతులతో మాట్లాడుతుంది. పొరుగూరి పెద్దాసుపత్రిలో అలాంటి ఉద్యోగం ఖాళీ అవడమే అరుదు. మామూలు ఫోన్‌కాల్‌తో గట్టెక్కే పరీక్ష కాదు. చేతులు కనపడాలి, ముఖం కనపడాలి. ఇవాళ తప్పితే ఆ కుర్చీ మరొకరిది.

ఇంట్లో అత్తగారి గోలలో ఇంటర్వ్యూ సాగదనీ, కాటేజీలో నెట్ బ్రహ్మాండంగా ఉంటుందనీ పట్టుబట్టి నిన్న రాత్రి తీసుకొచ్చింది భర్తే. ఇప్పుడు ఆయన సోఫాలో కూలబడి చూయింగ్ గమ్ నములుతూ టవర్లవాళ్లని తిడుతున్నాడు. సిగరెట్లు మానేసినప్పట్నుంచీ ఆ దవడకు విశ్రాంతి లేదు.

కబురందుకుని, కాటేజీ చూసుకునే తోటమాలి వచ్చాడు. నిన్న సాయంత్రం దాకా రౌటర్ నిక్షేపంలా పనిచేసిందన్నాడు. దాన్ని తిరగేసి, వెనక మూత ఊడదీశాడు. సిమ్ ఉండాల్సిన గాడి ఖాళీ.

"రెక్కలొచ్చి ఎగిరిపోదు కదమ్మా" అన్నాడు. ఒకసారి సోఫాలోని ఆయనవైపు చూసి, వెంటనే చూపు నేలకు దించేశాడు.

భర్త ఒక్క ఉదుటున లేచి వెతకడం మొదలుపెట్టాడు. దిండ్లెత్తాడు, చాప దులిపాడు, పాత కాటేజీల్లో ఎలుకలు దేన్నైనా లాక్కుపోతాయన్నాడు. ఆ కంగారు చూస్తే పోయింది ఆయన ఉద్యోగమే అనుకోవాలి.

ఆమె మోకాళ్లమీద కూర్చుని బల్ల కింద తడిమింది. వేలికేదో మెత్తగా, జిగటగా తగిలింది. వంగి చూసింది. బల్ల అడుగున నమిలి అంటించిన గమ్ ముద్ద, పుదీనా వాసన, పంటిగాట్లు. దాని మధ్యలోంచి సిమ్ అంచు బయటికి తొంగిచూస్తోంది.

మొహం పక్కకి తిప్పుకుంది. అయినా గోటితో పెకలించింది. ముద్ద ఊడుతూ తీగలు తీగలుగా సాగి, వేళ్లమధ్య అతుక్కుంది. అందులో ఆయన ఉమ్మి. ఆరేళ్లు ఆ నోటితోనే తనతో తియ్యగా మాట్లాడాడు.

"నువ్వేనా?" అంది. ఆరేళ్ల 'మీరు' ఆ ఒక్క మాటతో ఊడిపోయింది.

అతను నమలడం ఆపాడు. "నీ మంచికే. ఉద్యోగం వస్తే వెళ్తానంటావు, వద్దంటే నేను చెడ్డవాణ్ణవుతాను. సిగ్నల్ లేదంటే ఎవరి తప్పూ ఉండదుగా. అమ్మ కూడా అదే అంది."

అమ్మ కూడా. నోట్లో వేలుపెడితే కొరకలేనట్టుండే ఈ మనిషి, తల్లితో కూర్చుని ఇంత వంటకం వండాడన్నమాట. కొట్టాలని కూడా అనిపించలేదు, ముట్టుకోవాలి కదా.

జేబురుమాలుతో సిమ్ తుడిచి గాడిలో తోసింది. ఎర్రదీపం పచ్చబడింది.

తెరమీద ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దావిడకి పుట్టుకతోనే చెవులు వినపడవు. పక్కనున్నాయన రోగి మాటొకటి చదివాడు: ఇంటికి ఎప్పుడు వెళ్లొచ్చు? ఆమె చేతులు తడబడకుండా కదిలాయి. కానీ సైగల భాషలో ముఖం కూడా వ్యాకరణమే. పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది.

'నీ రోగికి ఇల్లంటే అంత రోతా?' అని సైగ చేసింది.

ఆమె పెద్దావిడ కళ్లలోకి చూసింది. అబద్ధం చెప్తే ఈ కళ్లు ఇట్టే పట్టేస్తాయి. 'రోత రోగిది కాదు, నాది' అని, గమ్ సంగతి, సిమ్ సంగతి, ఇందాక వేళ్లమధ్య సాగిన తీగల సంగతి చేతులతో చెప్పేసింది. అతను ఆమె వెనకే నిలబడ్డాడు. ఆరేళ్లలో ఒక్క సైగా నేర్చుకున్న పాపాన పోలేదు కాబట్టి, తెరమీది ముగ్గురూ తనవైపే చూసేసరికి పళ్లికిలించి చెయ్యూపాడు.

పెద్దావిడ నవ్వలేదు. అదే వాక్యం మళ్లీ చెయ్యమంది. రోగిది రోగికి వదిలెయ్యి, నీది పక్కన పెట్టు, అంది. ఆమె కళ్లు మూసి తెరిచి మళ్లీ చేసింది. ఈసారి ఆ ముఖంలో ఇంటికోసం తపించే రోగి తప్ప మరెవరూ లేరు. ఇంకో అరగంట సాగింది పరీక్ష.

తెర ఆరిపోగానే అతను దగ్గరికొచ్చాడు. "ఏమన్నారు? నన్ను చూసి ఆవిడేదో అడిగినట్టుందే?"

"ఎప్పుడు చేరతావన్నారు."

"ఇంట్లో మాట్లాడి చెప్తానన్నావా?"

"ఇవాళే బయల్దేరుతున్నానన్నాను."

బస్సు రోడ్డుదాకా బండిమీద దింపమని తోటమాలిని అడిగింది. కారుండగా ఆ బండెందుకు, నేను దింపనా అంటూ అతను ఆమె సంచీకి చెయ్యిచాచాడు. పెంటకుప్ప దాటేటప్పుడు బట్టలు దగ్గరికి లాక్కున్నట్టు, ఆమె సంచీ తనవైపు లాక్కుంది.

"నీ పక్కన కూర్చోలేను" అంది. ఆ మాటలో కోపం లేదు. వాంతి వస్తున్న మనిషి కిటికీ తియ్యమన్నట్టుంది.