ఒట్టు వేయని మాట

పాల క్యాన్లు వేణ్ణీళ్లతో కడిగి బోర్లిస్తుంటే ఇప్పటికీ మా ఆయన ఎల్వుడ్ గొంతు చెవిలో పడుతుంది. పశువులు కొనేవాళ్లు ఎవరొచ్చినా నా వైపు చూపించి అనేవాడు: "మా హల్డా కూడా కాస్త చేతిసాయం చేస్తుందిలెండి." ఎంత ముద్దుగా అనేవాడో. నేనూ నవ్వేదాన్ని. తెల్లారకముందే లేచి పాలు పితికి, అడ్డం తిరిగిన దూడను మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగి, వెన్న తీసి, వచ్చినవాళ్లకు వండి పెట్టి మరీ నవ్వేదాన్ని. ఆయన నడుం పట్టేసి కుర్చీకి అతుక్కుపోయిన ఏళ్లలోనూ నాది చేతిసాయమే.

ఆయన పోయిన చలికాలంలోనే మరిది ఈనస్ ఆవులు తనవని కోర్టుకెక్కాడు. "అన్నా నేనూ పెంచిన మంద వదినా అది. నీకు వంటిల్లుందిగా." బయటి పిల్లను పెళ్లాడి మా క్వేకర్ల క్రైస్తవ సంఘం వదిలేసినవాడు కనుక, బైబిలు మీద చెయ్యి వేసి జడ్జిగారికీ అదే చెప్పాడు.

మేం ఒట్టు వేయం. మా అమ్మ రొట్టెపిండి పిసుకుతూ చెప్పేది: "ఒట్టేసినప్పుడే నిజమైతే, మిగతా రోజుల్లో చెప్పేదేమిటే? మనం 'ధ్రువీకరిస్తున్నాను' అంటాం. అది పెద్ద మాట. అన్నాక పెంచి చెప్పినా అబద్ధమే, తగ్గించి చెప్పినా అబద్ధమే." పెంచుతానేమోనని భయపడుతూనే పెరిగాను. తగ్గించడం మాత్రం అణకువ అనుకున్నాను.

నా వంతు వచ్చాక కోర్టు గుమాస్తా బైబిలు చాపాడు.

"ఒట్టు వేయను బాబూ. ధ్రువీకరిస్తాను."

"అంటే ఏంటమ్మా?"

"రేపు మా వంటింటికొచ్చి అడిగినా ఇదే చెబుతానని."

వెనక బల్లల్లో ఎవరో నవ్వారు. ఈనస్ వకీలు లేచాడు. "పాడి పనిలో మీరు మీ భర్తకు సాయం చేసేవారు. అంతేగా అమ్మా?"

అంతే అనబోయాను. ఇన్నేళ్ల అలవాటు, నాలుక చివరే ఉంది. కానీ అమ్మ పిండి చేతులు కళ్లముందు మెదిలాయి. ఆదివారం మా ప్రార్థనలో కూర్చున్నట్టే మాటా పలుకూ లేకుండా ఉండిపోయాను. గుమ్మంలో నిలబడి నవ్వే ఎల్వుడ్ గుర్తొచ్చాడు. ఆయన మాట కాదంటే ఆయన్నే కాదన్నట్టు అనిపించింది.

"అమ్మా, వినిపించిందా?"

"వినిపించింది నాయనా. పాడి నడిపింది నేను. సాయం చేసింది ఎల్వుడ్. నడుం బాగున్నన్నాళ్లూ చాలా బాగా చేశాడు."