కార్జం తిన్న చెకింగు

మా ఆయనకు బస్సు నడుపుడు తప్ప ఇంకో పని రాదు. గా బస్సు సుత ఎవరన్న "రైట్" అంటెనే నడుపుతడు. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న. ముప్పై ఒక్క ఏండ్లు కరీంనగర్ డిపోల డ్రైవర్ చేసిండు. ఎనకకెల్లి కండక్టర్ "రైట్ రైట్" అననిదె ఒక్కనాడు గేరెయ్యలే. ఇగ గా అలవాటు ముదిరి ముదిరి, రిటైరైనంక మా సొంత బండి ఎక్కినా గంతే. ఇంజన్ స్టార్టు చేస్తడు, స్టీరింగు పట్టుకొని దేవుని పటం ముంగట కూసున్నట్టు కూసుంటడు. నేను పక్క సీట్లనే ఉంట. మోచేతికి మోచెయ్యి తాకుతుంటది. అయినా సరే, నా నోటెంబడి "రైట్" రావాలె. ఒకపాలి సుల్తానాబాద్ల మా బిడ్డ ఇంటి ముంగట నేను అలిగి నోరు మూసుకున్న. పావుగంట బండి గుర్రు గుర్రుమనుకుంట అక్కడనే ఉన్నది. ఆఖరికి బిడ్డే బయటికొచ్చి, "రైట్ రైట్, పోండ్రి ఇగ, మీకు దండం పెడ్త" అన్నది.

ఆయన పేరు పర్శరాములు. నా పేరు చంద్రవ్వ. సొంత బండి అంటె కారు అనుకునేరు. మూతవడ్డ ప్రైవేటు బడిది పసుపుపచ్చ బస్సు, చిన్నది. సీట్లు ఊడపీకిచ్చి మంచం ఏయించిండు, గ్యాసు పొయ్యి పెట్టిచ్చిండు, మీద నీళ్ల డ్రమ్ము కట్టిచ్చిండు. గదే మా ఇల్లు, గదే మా బండి. ఎనక అద్దం మీద "అడ్మిషన్లు జరుగుచున్నవి" అని ఇంకా గట్లనే ఉన్నది. తుడిపియ్యమంటె వినడు. మొన్న పెద్దపల్లి కాడ ఒకామె ఏడుస్తున్న పోరన్ని రెక్క పట్టి గుంజుకొచ్చి మా బండ్లకు ఎక్కియ్యవట్టింది. లోపటికెల్లి రెండు కుక్కలు తలకాయలు బయటపెట్టినై. గా పోరడు ఏడుపు బంద్ చేసి ఎక్కుతా అంటడు, తల్లేమో వద్దంటది.

కుక్కల ముచ్చట చెప్పాలె కదా. ఒకటి ముసలిది, బొద్దుగుంటది. పేరు పల్లెవెలుగు. పల్లెవెలుగు బస్సు లెక్క కనవడ్డ స్తంభం కాడల్ల ఆగి కాలెత్తుతది, గందుకు ఆ పేరు. ఇంకోటి చెకింగు. ఎర్రగ, బక్కగ ఉంటది. ఎవ్వని సంచి కనవడ్డా మూతి పెట్టి తనిఖీ చేస్తది. డిపోల బస్సు టైరు కింద దొరికిన పిల్ల.

నాకు కుక్కలంటె గిట్టదు. బొచ్చు, కంపు, బువ్వ గిన్నెల మూతి. ఛీ! కానీ చెకింగును మాత్రం ఏమనను. ఎందుకంటె, మా ఆయన రిటైరైన తెల్లారి నుంచి గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్నడు. నాలుగు నెలలు. ఉలుకు లేదు, పలుకు లేదు. నేను తిట్టిన, మొత్తుకున్న, కాళ్లు పట్టుకున్న. గోడకు చెప్పినట్టే. లేపింది గీ కుక్కనే. రోజు పొద్దుగాల నాలుగున్నరకు, సరిగ్గ డ్యూటీ టైముకు, దుప్పటి పండ్లతోని పట్టి గుంజుడు షురూ చేసింది. పది దినాలు తన్నిండు. పదకొండో నాడు లేసిండు. నెలకు నవ్విండు. రెండు నెలలకు గీ బండి కొనుక్కొచ్చిండు, "చంద్రా, ఇగ స్టేజీలు లేవు, మనసైన కాడ ఆగుదాం" అన్నడు. గా కుక్క ఉన్నన్ని దినాలే మా ఆయన కాళ్ల మీద ఉంటడని నాకు తెలుసు. అది పోతె మల్ల గోడే. నా భయమల్ల గదొక్కటే.

వానలు జర ఎనకవట్టినంక ఆదిలాబాద్ దిక్కు బయిల్దేరినం. కుంటాల కాడ నీళ్లు దుంకుడు సూడాల్నని ఆయన కోరిక. నడుమ మంథనిల ఆగినం. గోదారి ఒడ్డుకు బండి పెట్టి నేను పొయ్యి ముట్టిచ్చిన. ఆయన కుక్కల గొలుసులు ఇడిచిండు. ఎన్నిసార్లు చెప్పిన, ఊరు గాని ఊర్ల ఇడువకుమని! వింటె కదా.

జర దూరంల ఓ ఇరవై మంది నిలవడ్డరు. అందరు ఒక్క దిక్కే సూస్తుండ్రు. సూస్తనే నాకు సమజైంది, పిట్టకు పెడుతుండ్రు. మనిషి పోయిన మూడొద్దులకు ఆయనకు ఇష్టమైనయన్ని వండి, ఇస్తరాకుల పెట్టి, దూరం జరుగుతం. కాకి వచ్చి ముట్టాలె. ముడితె మనిషి నిమ్మలంగ పోయినట్టు. ముట్టకపోతె ఏదో కోరిక మిగిలినట్టు. అప్పటిదాక ఎవ్వలు మెతుకు ముట్టొద్దు.

వాళ్లకు పాపం రెండు గంటలైనట్టుంది, ఒక్క కాకి లేదు. ఒకడు "కా కా" అని అరుస్తుండు. పోయినాయన కొడుకట, హనుమండ్లు, మస్కట్ల ఉంటడు, తండ్రి పోయినంక ఇమానం దిగిండు. చేతులు జోడించి, "బాపూ, అవ్వను మంచిగ సూసుకుంట, ముట్టు బాపూ" అని మొక్కుతుండు. కాకి వస్తె కదా.

నేను ఉల్లిగడ్డ కోస్తున్న. తలకాయ ఎత్తి సూసేసరికి చెకింగుగాడు తోక నిగిడిచ్చి ఉరుకుతుండు.

"వారీ, నీ పాడుగాను! ఆగురా!" అని నేను కూత పెట్టిన. మా ఆయన లుంగీ ఎగవట్టుకొని ఎనుక ఉరికిండు. ఏం ఫాయిదా? ఇస్తరాకు కాడికి చేరనే చేరింది. బువ్వ ముట్టలే, పప్పు ముట్టలే. మూలకున్న మేక కార్జం ఒక్కటే ఏరి ఏరి తిన్నది. తర్వాత ముంతల మూతి పెట్టి కల్లు జుర్రింది. ఆఖరికి పక్కన పెట్టిన బీడీల కట్ట నోట కరుసుకొని, జర దూరం పోయి, అందరికి వీపు పెట్టి కూసున్నది. దొంగతనం చేసిన సొమ్ము ఎవ్వలు గుంజుకుంటరో అని దాని భయం, అంతే.

ఇగ మమ్ముల్ని సంపుతరు అనుకున్న. మా ఆయన సగం దూరంల లుంగీ పట్టుకొని నిలవడ్డడు. కట్టె పట్టుకొని ఇద్దరు లేసిండ్రు గూడ.

గప్పుడు ఒక ముసలామె లేసి గుండె మీద కొట్టుకున్నది. పోయినాయన పెండ్లాం, యాదవ్వ.

"ఆగుండ్రి! కొట్టకుండ్రి! ఆయననే! అంతయ్యనే!" అన్నది. "బువ్వ ముడుతుండెనా ఏనాడన్న? కార్జం తిని, కల్లు తాగి, బీడీలు పట్టుకొని నాకు వీపు పెట్టి కూసుంటుండె! నలభై ఏండ్లు గా వీపే సూసిన, నేను గుర్తుపట్టనా?"

ఇగ సూడాలె! కట్టె పట్టుకున్నోళ్లు కట్టె పడేసి సాగిలవడ్డరు. హనుమండ్లు ఉరికొచ్చి కుక్క ముంగట మోకాళ్ల మీద కూసుండి, "బాపూ, నువ్వు ఫోన్ చేస్తె నేను ఎత్తకపోతి, మాఫ్ చెయ్యి బాపూ" అని ఏడ్చిండు. కుక్క ఆయన చేతులు నాకింది. ఆ చేతులకు కూర మరకలున్నయని నాకు కనవడుతనే ఉన్నది. అంతయ్య బామ్మర్ది సదానందం వచ్చి, "బావా, నీ బోరు మోటరు స్టార్టరు పోలే, నేనే దాచిన" అని ఒప్పుకున్నడు. చెకింగు పెద్దగ ఆవులిచ్చింది. "మాఫ్ చేసిండు, మాఫ్ చేసిండు" అని అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను కొంగు నోట్ల కుక్కుకున్న, నవ్వు ఆగితె కదా.

నా నవ్వు అక్కడికే బంద్ అయింది. యాదవ్వ, మొగని రుమాలు తెచ్చి కుక్క మెడకు కట్టింది. కొస తన చేతికి చుట్టుకున్నది. మా ఆయన దిక్కు మలిగి, "తమ్మీ, గీయన్ను నాకు ఇడువు. ఇల్లు సప్పగున్నది. నా పానం నిలువది" అన్నది.

మా ఆయన సంగతి మీకు తెల్వదు. గంప నెత్తిన పెట్టుకొని ఉరికొచ్చే ముసలవ్వ కనవడితె, స్టేజీ కాకున్నా బస్సు ఆపి మెమోలు తీసుకున్న మనిషి. ఎవ్వలకు కాదనడు, కాదనుడు ఆయనకు రాదు. ఒక్క నిమిషం కుక్కను సూసిండు. "సరే అక్కా" అన్నడు.

బండి దగ్గరికి వచ్చిండు. పొయ్యి ఆర్పిండు, పల్లెవెలుగును ఎత్తి లోపట పెట్టిండు, సీట్ల కూసుండి ఇంజన్ స్టార్టు చేసిండు. మొకం కిటికీ దిక్కు మలుపుకున్నడు. నేను గా మొకాన్ని ఎరుగుదును. నాలుగు నెలలు సూసిన.

నేను పక్క సీట్ల కూసున్న. రైట్ అనలే.

ఇంజన్ గుర్రుమంటున్నది. ఆయన స్టీరింగు పట్టుకొని ఉన్నడు. నేను చేతులు కట్టుకున్న. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఒడ్డు మీదోళ్లందరు మమ్ముల్నే సూస్తుండ్రు. హనుమండ్లు కిటికీ కాడికొచ్చి, "చిన్నమ్మా, బండి గిట్ల ఖరాబైందా? జర నూకాల్నా?" అని అడిగిండు.

"బండి మంచిగనే ఉన్నది బిడ్డా. నా నోరే ఖరాబైంది" అన్న.

"చంద్రా, రైట్ అనవే" అన్నడు మా ఆయన, నా దిక్కు సూడకుండనే.

"అనను. ఏం చేసుకుంటవో చేసుకో" అని బండి దిగిన. సక్కగ యాదవ్వ దగ్గరికి నడిచిన.

"అక్కా, ఒక్క మాట. పిట్ట ముట్టినంక ఏం చేస్తది?"

"పోతది" అన్నది యాదవ్వ.

"ముట్టిన పిట్టను పట్టి గంపల మూసిపెట్టుకున్నోళ్లను సూసినవా ఏడన్న?"

ఆమె రుమాలు కొస చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నది.

"ఆయన వచ్చిండు, తిన్నడు, తాగిండు. కడుపు నిండింది. ఇగ పోవాలె కదా? నువ్వు రుమాలుతోని కట్టేస్తె గా మనిషి పోవుడెట్ల?"

ముసలోళ్లు తలకాయలు ఊపిండ్రు. "గామె చెప్పేది బరాబరే" అన్నరు. నేను గొప్పగ శాస్త్రం చెప్పిన గని, నాకు సిగ్గైంది. అంతయ్య ఆత్మ ఏమైతె నాకేంది? నేను చెప్పింది నా మొగని కోసం. యాదవ్వ మొగడు పోయిండు. నా మొగడు గా బండ్ల కూసున్నడు, కానీ సగం పోయిండు. తెల్లారితె గోడ దిక్కు మలుగుతడు. గదే చెప్పాల్నని నోటి దాక వచ్చింది, చెప్పలేకపోయిన.

యాదవ్వ నా మొకం సూసింది, బండి దిక్కు సూసింది. ముసలామె కండ్లకు ఏం కనవడ్డదో ఏమో, చేతికి చుట్టుకున్న రుమాలు ఇప్పింది.

"మీరు ఎటు పోతుండ్రు చెల్లె?"

"కుంటాల దిక్కు. నీళ్లు దుంకేది సూడ."

"లగ్గమైన ఏడాది నుంచి అన్నడు, తీసుకపోత, తీసుకపోత అని" అన్నది. రుమాలు మాత్రం కుక్క మెడకే ఉంచింది. "పొద్దుగాల లేస్తనే చాయ్ పోసియ్యి. చాయ్ కడుపుల పడకుంటె మాట్లాడడు. నీ ఫోన్ నంబరియ్యి."

మిగిలిన కార్జం గిన్నె సుత మా బండ్ల పెట్టింది. నేను ఎక్కి "రైట్!" అని గట్టిగ అరిచిన. గోదారి ఆవల ఒడ్డుకు ఇనవడి ఉంటది.

ఇగ షురూ అయింది పరేషాన్. రోజు మాపటీలి ఆరింటికి ఫోన్. "తిన్నడా?" "తిన్నడు అక్కా." "ఏం తిన్నడు?" "జొన్నరొట్టె, సల్ల." "సల్ల పెట్టకు, దగ్గొస్తది." మంచిర్యాల కాడ ఫోన్, లక్సెట్టిపేట కాడ ఫోన్, నిర్మల్ల ఫోన్. కుక్కలు గిట్టని నేను, కుక్క ఏం తిన్నదో, ఏడ పండిందో, ఒక ముసలామెకు లెక్క తప్పకుండ చెప్తున్న. పొద్దుగాల చెకింగుకు నేనే చాయ్ పోస్తున్న, అది సుత పళ్లెంల. మా ఆయనకు రెండో గ్లాసు. నా గతి గిట్లైంది.

మా బండి నలభై దాటితె ఎగపోస్తది. మనసైన కాడల్ల ఆగుకుంట మూడు వారాలకు కుంటాల చేరినం. నీళ్ల సప్పుడుకు మాట ఇనవడది. చెకింగు రాళ్ల మీద నిలవడి తుంపర్లు మీద పడుతుంటె మొరిగింది, తోక ఊపింది, మల్ల మొరిగింది. మా ఆయన దాని పక్కన నిలవడి పోరని లెక్క నవ్విండు.

ఆరింటికి ఫోన్ వచ్చింది. "ఇయ్యాల ఏడున్నరు?"

"కుంటాల కాడ అక్కా."

"నీళ్లు సూసిండా?"

"సూసిండు. సంబురపడ్డడు."

"సూసినవా చెల్లె" అన్నది, "తీసుకపోత తీసుకపోత అని, సచ్చినంక సుత నన్ను ఇడిసిపెట్టి ఒక్కడే పోయిండు, దొంగసచ్చినోడు!"

పకపక నవ్వింది. నేను సుత నవ్విన. నేను నవ్వు ఆపినంక తెలిసింది, అటు దిక్కు ఆమెది నవ్వు కాదని. "హనుమండ్లు రేపు మస్కట్ పోతుండు" అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నేను లేసి గిన్నెలు సదిరిన, కుక్కలను ఎక్కిచ్చిన. "బండి మలుపు" అన్న.

"ఎటు?"

"మంథని."

"ఇప్పుడే కదనే వచ్చినం? ఎందుకు?"

"ఒక పాసింజరు స్టేజీ మీదనే మిగిలిపోయింది. ఎక్కిచ్చుకొని మల్ల వద్దాం."

ఆయన నన్ను సూసిండు. సీట్ల కూసుండి, ఇంజన్ స్టార్టు చేసిండు. నేను నోరు తెరిచిన, రైట్ అందామని.

బండి కదిలింది. డ్రైవరైన కాన్నుంచి మొదటిపాలి, మా ఆయన ఎవ్వలు రైట్ అనకముందె గేరేసిండు. రోడ్డు ఎక్కినంక నేనే అన్న, ఊకె, అలవాటుకు.